పరీక్ష పాసయ్యాను వదినా, నర్సుని మాత్రం కాలేదు!

వంటిల్లు సర్దుకుని, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా దొరికిన ఆ రెండు గంటల్లో పుస్తకం పట్టుకుని డిగ్రీ తెచ్చుకున్న ఇల్లాళ్లు మనలో ఎంతమంది లేరు! ఇంటర్‌తో ఆగిపోయి, పెళ్లయిన పదేళ్లకి బి.ఏ. కట్టినవారున్నారు. కొడుకు పదో తరగతి, తల్లి ఎం.ఏ. ఒకే ఏడు రాసిన ఇళ్లున్నాయి. కరస్పాండెన్స్ చదువు ఆడవాళ్లకి చేసిన మేలు అంతా ఇంతా కాదు.

మరి అదే పద్ధతిలో నర్సు కావచ్చా? ఇంట్లో కూర్చుని చదివి, పరీక్ష రాసి, ఆస్పత్రిలో డ్యూటీ ఎక్కవచ్చా?

మన దేశంలో వీల్లేదు. అమెరికాలో కొంతవరకు వీలుంది. ఆ ‘కొంతవరకు’ అన్న మాట దగ్గరే చాలామంది కాలు జారుతోంది. మా మరదలు కూడా అక్కడే జారింది. మీ కూతురో, చెల్లెలో, ఆడపడుచో అమెరికాలో ఉండి “నర్సింగ్ చేద్దామనుకుంటున్నా” అని ఫోనులో అంటే, ఆమెకు చెప్పడానికి పనికొస్తాయని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

డైనింగ్ టేబుల్ మీద చదువు

మా తమ్ముడి భార్య ఇక్కడ బి.కాం. చదివింది. పెళ్లయి అమెరికా వెళ్లాక డిపెండెంట్ వీసా మీద ఏళ్ల తరబడి ఇంటిపట్టునే ఉండిపోయింది. గ్రీన్ కార్డు చేతికొచ్చి, చిన్నవాడు కూడా బడిలో చేరాక, “ఇప్పుడైనా నా కాళ్లమీద నేను నిలబడతాను వదినా” అంది. వాళ్ల ఊళ్లోని కాలేజీలో ఏడాది కోర్సు చేసి ఎల్.పి.ఎన్. అయింది.

అక్కడ నర్సుల్లో రెండు మెట్లున్నాయి. లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్, అంటే ఎల్.పి.ఎన్., కింది మెట్టు. కాలిఫోర్నియా, టెక్సాస్ రాష్ట్రాల్లో వీళ్లనే ఎల్.వి.ఎన్. అంటారు. పై మెట్టు రిజిస్టర్డ్ నర్స్, ఆర్.ఎన్. జీతమూ, బాధ్యతా రెండూ పై మెట్టులోనే ఎక్కువ. అది ఎక్కాలంటే ఆర్.ఎన్. చదువు పూర్తిచేసి, ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష పాసవ్వాలి. ఈ పరీక్ష అమెరికా అంతటికీ ఒక్కటే. 1994 నుంచి కంప్యూటర్ మీదే పెడుతున్నారు.

మా మరదలు ముసలివాళ్లుండే హోములో రాత్రి డ్యూటీ చేసేది. పొద్దున వచ్చి పిల్లల్ని బడికి పంపి, కాసేపు పడుకునేది. ఇక పగలు కాలేజీకి వెళ్లే వీలెక్కడ? అందుకే ఇంటి నుంచే చదివే ఆర్.ఎన్. కోర్సులో చేరింది. డైనింగ్ టేబుల్ మీద ఒకవైపు పిల్లల హోంవర్కు, మరోవైపు ఈవిడ ఫిజియాలజీ! మూడేళ్లు కష్టపడి కోర్సు ముగించి, ఎన్‌క్లెక్స్ మొదటిసారే గట్టెక్కింది. మేమిక్కడ స్వీట్లు పంచుకున్నాం కూడా.

అంతలో మా తమ్ముడి ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారింది. కొత్త చోట నర్సింగ్ బోర్డుకి దరఖాస్తు పెట్టుకుంది. నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. “మీ చదువులో పర్యవేక్షణ కింద చేసిన క్లినికల్ గంటలు లేవు. కొన్ని వందల గంటలు పూర్తిచేస్తేనే మా దగ్గర లైసెన్సు” అని దాని సారాంశం. ఆ రాత్రి ఫోన్ చేసి, “పరీక్ష పాసయ్యాను వదినా, నర్సుని మాత్రం కాలేదు” అని ఏడ్చింది.

రాష్ట్రం పేరు, స్కూలు పేరు ఇక్కడ అనవసరం. ‘మీ రాష్ట్రపు బోర్డును సంప్రదించండి’ అని స్కూలువాళ్లు పంపిన కాగితాల్లో చిన్న అక్షరాల్లో ఉండనే ఉందట. అడగకపోవడం మా తప్పే.

ఏమిటీ గంటలు? ఎందుకు?

క్లినికల్ గంటలంటే బొమ్మలు గీసి బట్టీ పట్టే గంటలు కావు. నిజమైన ఆస్పత్రిలో, నిజమైన రోగుల దగ్గర, పక్కన లైసెన్సున్న ఆర్.ఎన్. నిలబడి చూస్తుండగా మన చేతులతో పని చేసిన గంటలు. అలా పక్కన ఉండి నేర్పే సీనియర్ నర్సును ప్రిసెప్టర్ అంటారు. మనం చేసిన పనికి ఆవిడ సంతకం పెట్టాలి.

“నాకు ఎల్.పి.ఎన్.గా అయిదేళ్ల అనుభవముందిగా, అది చాలదా?” అని మా మరదలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఉద్యోగంలో గడిపిన గంటలు వేరు, పై మెట్టు పని ఒకరు చూస్తుండగా నేర్చుకున్న గంటలు వేరు. రోగి పరిస్థితిని మొత్తంగా అంచనా వేసి, ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో, డాక్టర్ని ఎప్పుడు లేపాలో తేల్చుకోవాల్సింది ఆర్.ఎన్.

మనకి తెలిసిన ఉదాహరణే చెప్పనా? ఆవకాయ కొలతలు ఇలాంటి పత్రికల్లో ఏటా చదువుతూనే ఉంటాం. ముక్కలెన్ని, ఆవపిండి ఎంత, కారం ఎంత, నూనె ఎంత అని అన్నీ కాగితం మీద ఉంటాయి. అయినా మొదటిసారి పెట్టినప్పుడు ముక్క తడి ఆరిందో లేదో వేలితో తాకి చెప్పింది మన అత్తగారో, అమ్మో కదా! “ఆగు, ఇంకాసేపు ఆరనీ” అన్న ఆ ఒక్క మాట ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆవకాయ బూజుపడితే జాడీయే పోతుంది. మందు తప్పితే మనిషే పోతాడు.

మందు ఇచ్చేముందు నర్సులు అయిదు సంగతులు సరిచూసుకుంటారు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ. మా మరదలికి అవి నిద్రలో లేపి అడిగినా వచ్చు. అలాంటిది, ఆ గంటలు చేస్తున్న మూడో వారంలో ఒక పెద్దాయనకి బీపీ మాత్ర ఇవ్వబోతుంటే ప్రిసెప్టర్ మెల్లగా అడిగిందట, “ఇప్పుడాయన బీపీ ఎంతుంది?” అని. చూసుకోలేదు! అప్పటికప్పుడు చూస్తే చాలా తక్కువగా ఉంది. మాత్ర ఆపి డాక్టరుకి ఫోన్ చేశారు. “పరీక్షలో ఈ ప్రశ్న వస్తే నేను తప్పు రాయను వదినా. వార్డులో నలుగురు రోగులు, రెండు గంటలు మోగుతున్నాయి, ఎవరో నీళ్లడుగుతున్నారు... మర్చిపోయాను” అంది. ఆ రోజు నుంచి బోర్డు మీద కోపం పోయింది ఆమెకి.

ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క

అమెరికాలో నర్సు లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కాదు, ఏ రాష్ట్రపు బోర్డు ఆ రాష్ట్రానిదే. అందుకే ఒకచోట చెల్లే చదువు ఇంకోచోట చెల్లకపోవచ్చు.

న్యూయార్క్ రాష్ట్రంలో 1971లో రీజెంట్స్ పేరుతో ఒక దూరవిద్యా పద్ధతి మొదలైంది. ఎక్కడ, ఎలా నేర్చుకున్నారన్నది కాదు, ఏం వచ్చో చూపించండి అన్నది దాని సూత్రం. 2001లో దాని పేరు ఎక్సెల్సియర్ కాలేజీగా, 2022లో ఎక్సెల్సియర్ యూనివర్సిటీగా మారింది. అప్పటికే ఆస్పత్రుల్లో పనిచేస్తున్న ఎల్.పి.ఎన్.లు, అంబులెన్సు సిబ్బంది ఎంతోమంది ఇందులో చదివి ఆర్.ఎన్.లయ్యారు. ఏళ్ల తరబడి వీళ్లకి వారాంతంలో రెండున్నర రోజులపాటు ఆస్పత్రిలో, నిజమైన రోగుల దగ్గర కఠినమైన ప్రాక్టికల్ పరీక్ష పెట్టేవారు. పరీక్ష ఉంది గానీ, దానికి ముందు స్కూలువారి పర్యవేక్షణలో గడిపే గంటలు లేవు. పేచీ అక్కడే వచ్చింది.

కాలిఫోర్నియా బోర్డు 2003 చివరి నుంచి ఇలాంటి పద్ధతిలో చేరినవారి చదువును ఆర్.ఎన్. లైసెన్సుకి ఒప్పుకోవడం మానేసింది. పాఠమూ, వార్డు పనీ జంటగా సాగాలన్నది ఆ రాష్ట్రపు నియమం.

జార్జియా అలా తలుపు మూయలేదు. ఇలాంటి చదువుల కోసం చట్టంలోనే విడిగా దారి పెట్టింది. చదువయ్యాక ప్రిసెప్టర్ కింద గంటలు చేయాలి. ఎన్ని గంటలన్నది అంతకుముందు ఎక్కడ, ఎంతకాలం పనిచేశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

వర్జీనియాలో ఆర్.ఎన్. చదువు నేర్పే ఏ స్కూలైనా కనీసం 500 గంటలు రోగుల దగ్గర పని చేయించాలి. అన్ని గంటలు లేని దూరవిద్య చదివి ఎన్‌క్లెక్స్ పాసైనవారికి, ఆ గంటలు పూర్తిచేసుకోవడానికే ఒక తాత్కాలిక లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఆ రాష్ట్ర చట్టంలో ఉంది.

అదీగాక, 40కి పైగా రాష్ట్రాలు కలిసి ఒక ఒడంబడిక చేసుకున్నాయి. సొంత రాష్ట్రంలో ఆ ఒడంబడిక లైసెన్సు ఉంటే మిగతా సభ్యరాష్ట్రాల్లోనూ పనిచేయవచ్చు. జార్జియా, వర్జీనియా ఇందులో ఉన్నాయి. కాలిఫోర్నియా లేదు. అయితే కాపురమే వేరే రాష్ట్రానికి మారితే మళ్లీ కొత్త రాష్ట్రంలో దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. మగవారి ఉద్యోగం వెంట ఊళ్లు మారే మన ఆడపిల్లలకి ఇది ముఖ్యం.

బొమ్మ రోగులు లెక్కకొస్తారా?

ఇప్పుడు నర్సింగ్ స్కూళ్లలో ఊపిరి తీసే, నాడి కొట్టుకునే బొమ్మలున్నాయి. వాటి మీద చేసిన సాధన గంటల్లో కలుస్తుందా అన్నది మరో సందేహం. అక్కడి రాష్ట్ర బోర్డుల జాతీయ మండలి 10 స్కూళ్ల విద్యార్థుల మీద పరిశీలన చేసి 2014లో ఫలితాలు ప్రకటించింది. క్లినికల్ గంటల్లో సగం వరకు బొమ్మల మీద చేయించినా చదువు చివర్లో తేడా కనబడలేదట. 2020లో కోవిడ్ వచ్చి ఆస్పత్రులు విద్యార్థుల్ని రానివ్వనప్పుడు చాలా రాష్ట్రాలకి ఈ పద్ధతే అక్కరకొచ్చింది.

అయితే ఒక్క సంగతి గమనించండి. ఆ పరిశీలనలో బొమ్మ పక్కన కూడా శిక్షణ పొందిన టీచరు నిలబడే ఉంది. మిగతా సగం గంటలు నిజమైన రోగుల దగ్గరే గడిచాయి. ఇంట్లో కంప్యూటర్ ముందు ఒక్కరూ కూర్చుని చూసిన వీడియోలకి ఈ ఫలితం వర్తించదు.

ఫీజు కట్టేముందు ఈ అయిదూ అడగండి

1. నేనుండే రాష్ట్రంలో ఈ చదువు లైసెన్సుకి చెల్లుతుందా? ఏ రాష్ట్రాల్లో చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో స్కూళ్లు చెప్పి తీరాలని 2020 జూలై నుంచి అక్కడి కేంద్ర విద్యాశాఖ నిబంధన ఉంది. ఆ పట్టీ అడిగి తీసుకోండి.

2. స్కూలు మాటతో ఆగకుండా బోర్డును అడిగారా? ఫోనులో విన్నది చాలదు. ఉత్తరం రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. నియమాలు మారుతుంటాయి. పక్కింటావిడకి అయిదేళ్ల కిందట చెల్లింది మీకు చెల్లాలని లేదు.

3. క్లినికల్ గంటలు ఎన్ని? పెద్దల వార్డు, ప్రసూతి, పిల్లలు, మానసిక వైద్యం అన్న విభాగాలవారీగా ఎన్నెన్ని?

4. ఆస్పత్రిని, ప్రిసెప్టర్ని వెతికేది ఎవరు? స్కూలా, మనమా? మా మరదలే వెతుక్కోవాల్సి వచ్చింది. చాలా ఆస్పత్రులు తమ ఊరి కాలేజీ పిల్లలకే చోటు సరిపోవడం లేదన్నాయి. చివరికి తెలిసిన నర్సు ఒకావిడ తన వార్డు పెద్దతో మాట్లాడితే పనయింది. ముక్కూ మొహం తెలియని ఆఫీసుకి రాసిన ఉత్తరాల కంటే, పాత డ్యూటీలో మీ పని చూసినవాళ్ల మాట ఎక్కువ పనిచేస్తుంది.

5. భర్త ఉద్యోగం మారితే మేము వెళ్లగలిగే రాష్ట్రాలేవి? అక్కడి నియమమేమిటి?

గంటలు మొదలయ్యాక ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, వార్డు, ఎక్కిన వేళ, దిగిన వేళ, నేర్చుకున్న పని, ప్రిసెప్టర్ సంతకం. ఏ రోజుది ఆ రోజే. పాలవాడి లెక్కలా నెలాఖరుకి చూద్దామనుకుంటే ఇబ్బందే. ప్రిసెప్టర్ ఉద్యోగం మారితే మళ్లీ సంతకం ఎక్కడ దొరుకుతుంది? అయితే రోగుల పేర్లు మాత్రం అందులో రాయకూడదు సుమా!

గంటల రోజుల్లో ఇల్లు గడిచేదెలా?

ఒక చిన్న లెక్క వేద్దాం. 500 గంటలంటే 12 గంటల షిఫ్టులు 42. వారానికి రెండు చొప్పున 21 వారాలు, అంటే అయిదు నెలలు. పిల్లల పరీక్షలు, జ్వరాలు, చుట్టాలు కలిస్తే ఆరు నెలలు అనుకోవచ్చు. ఈ గంటలకి జీతం ఇస్తారన్న నమ్మకం పెట్టుకోకండి. ఉన్న ఉద్యోగంలో డ్యూటీలు తగ్గించుకోవాల్సి వస్తుంది కాబట్టి, ఆర్నెల్ల ఖర్చు ముందే పక్కన పెట్టుకున్నాకే దిగడం మంచిది.

మా మరదలు ఇలా సర్దుకుంది. ఆదివారం ఇడ్లీ, దోసె పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేది. కందిపొడి, కరివేపాకు పొడి సీసాల్లో ఉంటే ఒక పూట గడిచినట్టే. పులిహోర పులుసు ఉడికించి ఉంచితే అన్నంలో కలిపి, పోపు వేసుకుంటే డబ్బా తయారు. షిఫ్టు ముందు రోజు రాత్రే పిల్లల బట్టలు, పుస్తకాల సంచులు, తన యూనిఫారం, మెత్తటి బూట్లు అన్నీ తలుపు దగ్గర చేరేవి. పన్నెండు గంటలు నిలబడే పనికి బూట్ల దగ్గర పొదుపు చేయొద్దంటుంది.

అన్నిటికంటే పెద్ద సంగతి, మా తమ్ముడు నలభయ్యో ఏట పప్పు వండడం నేర్చుకున్నాడు! మొదటి వారం ఉప్పు వేయడం మర్చిపోయాడట. “పర్లేదు, పక్కన నిలబడి చూసేవాళ్లుంటే వారంలో వచ్చేస్తుంది” అంది మరదలు నవ్వుతూ.

మరి మన దగ్గర?

ఇక్కడి సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. మన దేశంలో మొదటిసారి నర్సు కావడానికి దూరవిద్య దారి లేదు. మూడేళ్ల జి.ఎన్.ఎం. అయినా, నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్ అయినా కాలేజీకి వెళ్లి, ఆస్పత్రి వార్డుల్లో డ్యూటీలు చేసి చదవాల్సిందే. ‘ఇంట్లోనే నర్సింగ్ డిప్లొమా, ఆరు నెలల్లో సర్టిఫికెట్’ అన్న ప్రకటన గోడ మీదో, ఫోనులోనో కనబడితే మోసపోకండి. ఆ కాగితంతో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్ట్రేషన్ లేనిదే నర్సు కాదు.

ఇప్పటికే జి.ఎన్.ఎం. చేసి, రిజిస్ట్రేషనూ, ఉద్యోగానుభవమూ ఉన్నవారికి మాత్రం ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, నడిపే పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ ఉంది. దాంట్లోనూ ప్రాక్టికల్స్‌కి హాజరు తప్పదు. అది ఉన్న నర్సుకి పై డిగ్రీయే గానీ, కొత్తగా నర్సును చేసే దారి కాదు.

ఇక్కడ చదివి అమెరికా వెళ్లాలనుకునే ఆడపిల్లలకి ఇంకోమాట. అక్కడివాళ్లు మన చదువులో కూడా సబ్జెక్టులవారీగా పాఠం గంటలెన్ని, క్లినికల్ గంటలెన్ని అని లెక్క చూస్తారు. కాబట్టి గంటలు విడివిడిగా చూపే ట్రాన్స్‌క్రిప్టు కాలేజీ నుంచి తీసి పెట్టుకోండి. ప్రాక్టికల్ రికార్డు, ప్రసూతి కేసుల పుస్తకం పాత కాగితాలవాడికి వేసేయకండి. పదేళ్ల తరవాత అవే అక్కరకు రావచ్చు.

చివరగా...

మా మరదలి గంటలు ఏడు నెలలకి పూర్తయ్యాయి. లైసెన్సు వచ్చిన రోజు వీడియో కాల్‌లో బ్యాడ్జీ చూపించింది. పేరు పక్కన ఆర్.ఎన్. అని రెండక్షరాలు! “ఈ రెండక్షరాలకి పరీక్ష ఒక అక్షరం, ఆ గంటలు ఒక అక్షరం వదినా” అంది.

ఇప్పుడు తన వార్డుకి కొత్తగా వచ్చిన అమ్మాయి పక్కన తనే నిలబడుతోంది. ఆ అమ్మాయి బీపీ మాత్ర చేతిలోకి తీసుకోగానే, మెల్లగా అడుగుతుందట, “ఇప్పుడాయన బీపీ ఎంతుంది?” అని.

మీ ఇంట్లో కూడా ఈ చదువు మీద మనసుపడ్డ అమ్మాయి ఉంటే నిరుత్సాహపరచకండి. ఇంట్లో చదవడం తప్పేమీ కాదు. చేరేముందు మాత్రం ఒక్క ప్రశ్న అడగమనండి: “పుస్తకం సరే, నా చేతుల్ని చూసేదెవరు?”